పొన్ను చేన్లో కలుపు

"ఆదివారం ఒక గంట పని. దానికి నువ్వు రోజుల తరబడి వంగుతావెందుకే?" అంటూ మా ఆయన ఉదయకుమార్ జొన్న చేనంతా కలుపు మందు కొట్టేసి వచ్చాడు. ఆయన తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్. వారమంతా చేను నాదే. నీళ్ళు కట్టడం, పేడ మోయడం, ఆవును చూడడం, అన్నీ నేనే. ఎవరైనా అడిగితే మాత్రం, "నాది వ్యవసాయం కూడా ఉంది. మా ఆవిడ పరమేశ్వరి ఇంట్లోనే ఉంటుంది" అంటాడు.

జొన్న నిలబడింది. సాళ్ళ మధ్య నేను వేసిన అలసంద, అనుము మాడి ముడుచుకుపోయాయి. "జొన్న బాగుందిగా" అన్నాడు. ఆ అలసందే మాకు కూర, ఆవుకు మేత, నేలకు బలం. అవేవీ ఆయన లెక్కలోకి రావు, నా నడుం నొప్పి రానట్టే. మాడిన తీగ చేతిలో పట్టుకుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

పక్క చేను పొన్నుది. భర్త పోయాక ఒక్కతే చేసుకుంటోంది. ఆ రోజే గట్టు మీదికొచ్చి, "అక్కా, ఈసారితో సేద్యం విడిచిపెడతా. కలుపుకి కూలి ఆళ్ళు దొరకరు. టౌన్లో, గాంధీపురంలో బట్టలంగట్లో పనుందంట" అంది. తను పోతే ఆ చేను బీడే. ఇప్పటికే మా వీధిలో ఇళ్ళకు తాళాలు పడుతున్నాయి. ఇట్లా ఒక్కొక్కరూ పోతే ఊరు ఎవరితో ఉంటుంది?

"పోవద్దు పొన్నూ. రేపు నీ చేన్లో నేను దిగుతా. తర్వాత నా చేన్లో నువ్వు. అవతల చేన్ల మేనకనీ కలైసెల్వినీ కూడా పిలుద్దాం" అన్నాను.

పొద్దున కలుపు తీసే తొలిక పట్టుకుని బయల్దేరితే మా అత్త కాంతమ్మాళ్ గుమ్మానికి అడ్డం నిలిచింది. "మన ఇంటి ఆడోళ్ళు పరాయి చేన్లో కలుపుకి పోయింది లేదు. మానం పోతుందే!"

ఆయన బైక్ ఆపాడు. "కూలికి పోతావా? నేను ఊళ్ళో తలెత్తుకోని తిరగొద్దా?"

ఇన్నేళ్ళూ ఎవరికీ కనబడని నా నడుం, పక్క చేన్లో వంగితే మాత్రం ఊరంతటికీ కనబడుతుందన్నమాట. "మన చేన్లో చేసినప్పుడు అది పనే కాదన్నారు. అక్కడ చేస్తే కూలి ఎట్లా అయింది?" అన్నాను. నేను పక్కనుంచి దాటి వెళ్ళాను.

నలుగురం దిగితే పొన్ను చేను తేటపడింది. గట్టు మీద సద్ది పంచుకుంటూ అంత నవ్వి ఎంత కాలమైందో. తర్వాత మేనక చేను, ఆపైన కలైసెల్విది. పొన్ను గాంధీపురం మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మళ్ళీ అలసంద విత్తాను.

మందుకు చావని గడ్డి మా చేన్లో ఇంకా ఉంది. ఆదివారం మా వంతు. ఆయన మందు డబ్బా దించుతూ, "ఆళ్ళంతా ఎందుకు? నేను కొట్టేస్తా" అన్నాడు.

"నా చేన్లో ఇంక మందు పడదు."

"నీ చేనా?"

"ఆమా, నాదే. మధ్యాహ్నానికి నలుగురికి అన్నం, చారు కావాలి. నేను చేన్లో ఉంటా. మీరు వండి తీసుకురండి."

మా అత్త నోరు తెరిచింది. ఆయన డబ్బా కింద పెట్టి, మెల్లగా, "బియ్యం ఎక్కడుంటాయి?" అన్నాడు.

తను పుట్టి పెరిగిన ఇల్లు అది.

"వెతుక్కోండి" అని చేనుకి నడిచాను.