ఒక్క దమ్ము చిలుం

"తాడు ఇంకా బిగించండిరా! ఈ ముసలోడు కొండెక్కినాడంటే మళ్ళీ దొరకడు."

రామనారాయణ అరుపుకి ఇద్దరు మనుషులు, కొయ్య గరిటెలు చెక్కే ముసలి హుసేనయ్య చేతుల్ని బండి చక్రానికి మరో చుట్టు చుట్టారు. హుసేనయ్య పెనుగులాడలేదు. అతని చూపంతా వసారాలో ఉన్న ఇంటి యజమాని చెంచురామయ్య మీదే ఉంది.

చెంచురామయ్య నలుగురు పట్టుకున్నా ఆగడం లేదు. గాల్లోంచి కనపడని దూదిని పీకి పోగేస్తున్నాడు. కనుపాపలు కళ్ళంతా పరుచుకున్నాయి. ఎదురుగా నిలబడ్డ సొంత భార్య దేవకమ్మను "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు?" అని అడుగుతున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, ఆత్మకూరు బస్సుకు సిద్ధమైన మనిషి. హుసేనయ్య మట్టి గొట్టంలో పెట్టిచ్చిన గంజాయి చిలుం ఒక్క దమ్ము పీల్చాడు. కాసేపటికే ఇట్లా అయిపోయాడు.

ఆ రోజు ఆత్మకూరు కోర్టులో అతని సాక్ష్యం ఉంది. పోయిన వానల్లో ఎవరో చెరువు కట్టకు గండి కొట్టారు. కట్ట కింద చేపలు పట్టుకుని బతికే పల్లె సగం కొట్టుకుపోయింది. గండి కొట్టినవాణ్ణి కళ్ళారా చూసింది చెంచురామయ్య ఒక్కడే. ఆ పేరు భార్యకు కూడా చెప్పలేదు. ఎవరడిగినా "కోర్టులోనే చెబుతా" అన్నాడు.

ఉదయగిరి హెడ్ కానిస్టేబుల్ రాజమోహన్ సైకిల్ దిగీ దిగకముందే రామనారాయణ ఎదురుపోయాడు. దేవకమ్మకు తోడబుట్టిన అన్న అతను. ఖద్దరు తప్ప కట్టడు. ఊరి మద్యనిషేధ కమిటీకి ప్రెసిడెంటు.

"చూడండి హెడ్డుగారూ, మా బావ గతి! గంజాయిలో ఉమ్మెత్త గింజలు కలిపి పెట్టినాడు ఈ ముసలోడు. ఇదో, గొట్టంలో గింజలు ఇంకా ఉండాయి." చేతిరుమాలులో మూటగట్టిన చిలుం అందించాడు. "వీణ్ణి తీసుకుపోండి. మా బావను మాత్రం కోర్టుకు రమ్మనబాకండి. గంజాయి పిచ్చోడి మాట ఏ మేజిస్ట్రేటు వింటాడు? ఈ రోజే కాదు, ఇంకెప్పుడూ వినడు. ఇంటి పరువన్నా దక్కనీండి."

రాజమోహన్ వసారాలోకి వెళ్ళాడు. చెంచురామయ్య కనురెప్పలు ఎత్తి చూశాడు. నాలుక తడిమాడు. ఎండిపోయి ఉంది.

"ఉమ్మెత్తే. తిరనాళ్ళలో దొంగలు యాత్రికులకు పెట్టేది ఇదే. అమ్మా, ఉప్పునీళ్ళు తాగించి కక్కించండి. ఎవురన్నా పోయి డాక్టర్ని పిలుచుకు రండి. మనిషి మనకు దక్కుతాడు."

దేవకమ్మ చెంబు కోసం పరిగెత్తింది. రాజమోహన్ రుమాలు విప్పాడు. విప్పి, అట్లాగే నిలబడిపోయాడు.

మద్యనిషేధం వచ్చినప్పటి నుంచి అతను పట్టుకున్న చిలుంలకు లెక్కలేదు. జానెడు పొడుగువి, పదిమంది బైరాగులు చుట్టూ కూర్చుని తిప్పుకునేవి. ఇది అట్లాంటిది కాదు. చిటికెన వేలంత ఉంది. కాల్చిన మట్టి నేరేడుపండులా నల్లగా నిగనిగలాడుతోంది. రెండు కొసలూ దాదాపు ఒకే లావు. ఏది పైనో ఏది కిందో, దానితో పరిచయమున్న చేతికే తెలుస్తుంది.

"నువ్వే చేసినావా హుసేనయ్యా?"

"చెరువు బంకమట్టి సామీ. గరిటెలు చెక్కే చెయ్యి గదా, ఊరికే ఉండలేదు."

"ఇంత చిన్నదేందయ్యా?"

"పెద్దది చేస్తే పెద్దగానే తాగాల. రామయ్యకు బండి మీంచి పడిన కాడి నించి నడుం నొప్పి. ఒక్క దమ్ముకు తగ్గుతాది. రెండోది అడిగితే నేనీను. గొట్టంలోనే పట్టదు గదా, అడిగేదానికి లేదు."

రాజమోహన్ చిలుంను కిందివైపు నుంచి అరచేతిలో తట్టాడు. చదునైన గోధుమరంగు గింజలు రాలాయి. వాటిని ఎండలో పెట్టి తిప్పి చూశాడు. తర్వాత రెండో వైపు నుంచి గొట్టంలోకి చూశాడు. లోపల చిన్న గులకరాయి అడ్డం కూర్చుని ఉంది.

"కట్లు విప్పండి. హుసేనయ్యా, దీంట్లోనే ఒకటి పెట్టు."

జనం గుసగుసలాడారు. వెనకనుంచి ఎవరో అన్నారు: "పట్టుకునే హెడ్డే పెట్టమంటే ఇంక మేమేం పాపం చేసినామప్పా!"

"నాకు కాదురా, ఈ హుసేనయ్యే తాగాల."

హుసేనయ్య మణికట్లు రుద్దుకుంటూ అడిగాడు. "తర్వాత దీనికో కేసు రాస్తారా సామీ?"

"రాస్తా. విషం కేసు కన్నా చిన్నదే గదా. పెట్టు."

ముసలాయన బొడ్డు దగ్గరి సంచి విప్పాడు. చిటికెడు ఆకు అరచేతిలో పోసుకుని ముందు గంజాయి గింజలు ఏరాడు, తర్వాత ఈనెలు. ఒక్క నలుసు కూడా వదల్లేదు. గింజ ఉంటే నిప్పులో చిటపటలాడుతుంది, గొంతు కోస్తుంది. రెండు చుక్కల నీళ్ళు చిలకరించి బొటనవేలితో మర్దించాడు.  గొట్టంలోని రాయి తట్టి తీసి, గుడ్డపేలిక దూర్చి అటూ ఇటూ లాగి తుడిచాడు. మిరియపు గింజంత ఆ గులకరాయిని మళ్ళీ పై కొసలో వేశాడు. అది జారి, గొట్టం లోపల సన్నబడే చోట సరిగ్గా కూర్చుంది. దాని మీద ఆకు పెట్టాడు. గట్టిగా నొక్కలేదు, వదులుగానూ వదల్లేదు. బజారులో బంగారం పని చూసినట్టు చూస్తున్నారు అందరూ. తల్లులు చంకలో పిల్లల ఏడుపు కూడా మరిచారు. కొబ్బరిపీచు చిన్న ఉండ చుట్టి, అంటించి, పైన పెట్టాడు. కింది కొసకు తడిగుడ్డ చుట్టాడు. పిడికిలి బిగించి, మట్టికి పెదవి తగలకుండా, బొటనవేలి సందులోంచి పీల్చాడు.

పైన జానెడు మంట లేచింది. అంతే. ఒక్క దమ్ముకు గొట్టం ఖాళీ అయింది. తెల్లటి బూడిద తట్టి పారేశాడు.

"అబ్బ! పనితనమంటే ఇదీ" అన్నాడు రాజమోహన్ తనకు తెలియకుండానే.

అందరూ ముసలాయన కళ్ళలోకి చూస్తూ ఎదురుచూశారు. సంచిలో విషముంటే అతనూ గాల్లో దూది పీకాలి. వసారా నీడ గడప దాటింది. హుసేనయ్య బండికి ఆనుకుని, "దేవకమ్మ తల్లీ, గుక్కెడు మజ్జిగ ఉంటే పోయించు" అన్నాడు. మాట తడబడలేదు.

"సంచిలో ఏమీ లేదు" అన్నాడు రాజమోహన్ లేచి. "ఇంక చిలుం సంగతి. నిప్పు రాయికి పైన ఉంటాది. ఈ గింజలు రాయికి కింద ఉన్నాయి. ఒక్కటీ మాడలేదు. పీల్చినప్పుడే ఉంటే నోట్లోకి రావాల. అంటే దమ్ము అయిపోయినాక ఎవరో పోసినారు, తలకిందులుగా. ఏది పైనో తెలియని, జన్మలో చిలుం ముట్టనివాడి పని ఇది. పెనుగులాటలో కిందపడితే దీన్ని తీసిందెవరు?"

"నేనే తీసినా" అన్నాడు రామనారాయణ. "తీసేముందు ఎవుడు పోసినాడో నాకేం తెలుసు? ఇట్లాంటివి నా చెయ్యి ఏనాడూ ముట్టలేదు."

"సరే. విషం పొగలో పోలేదు గాబట్టి కడుపులోకే పోయుండాల. అమ్మా, దమ్ము తర్వాత ఆయన ఏం తీసుకున్నాడు?"

దేవకమ్మ చెంబు పట్టుకుని నిలబడింది. "బెల్లం వేసిన పాలు. రోజూ అదే."

"గ్లాసు ఆయన చేతికి ఇచ్చిందెవరు?"

ఆమె చూపు అన్న మీదికి పోయి వెనక్కి వచ్చింది. మాట బయటపెడితే పుట్టింటి గడప ఇక తొక్కడానికి ఉండదు. పెట్టకపోతే హుసేనయ్య చేతులకు మళ్ళీ తాడు, భర్తకు చచ్చేదాకా పిచ్చోడనే పేరు. వసారాలో చెంచురామయ్య ఆమెనే చూస్తూ, "ఎవరమ్మా నువ్వు, పాపం ఏడుస్తా ఉండావు?" అన్నాడు.

"చెప్పమ్మా" అన్నాడు రాజమోహన్. "ఆయన కోర్టులో చెప్పబోయే పేరుకు భయపడినవాడే ఆ గ్లాసు ఇచ్చినాడు."

రామనారాయణ ముందుకొచ్చాడు. "దానికంత ఆలోచనేంది దేవకీ? పాలు కాచింది నువ్వే గదా. నువ్వే ఇచ్చుంటావు. గుర్తు తెచ్చుకో."

జనం చూపులు ఒక్కసారిగా ఆమె మీదికి తిరిగాయి. దేవకమ్మ చెంబు కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"కాచింది నేనే. బెల్లం దంచతా ఉంటే వెనక నించి వచ్చి, 'బస్సు టైమవతా ఉండాది, నువ్వు సద్దిమూట కట్టమ్మా, గ్లాసు నేనిస్తా' అని నా చేతిలోది తీసుకున్నాడు. నిన్న మొన్నటి నించీ కోర్టులో ఏ పేరు చెబుతాడని నన్ను పొడిచి పొడిచి అడిగిందీ వాడే. నాకప్పుడు అర్థం కాలా. రాసుకోండి హెడ్డుగారూ. కట్టకు గండి కొట్టినోడు, నా మొగుడికి ఉమ్మెత్త పోసినోడు, మా అన్న. రామనారాయణ."