ఆష్‌బీ వాళ్ళ పాట

ఆట గెలిపించమని దేవుణ్ణి అడగవచ్చునా అన్న సందేహం నాకు నలభై ఏళ్ళుగా ఉంది. ఒకే చర్చిలో, ఒకే బెంచీ మీద, నేను టర్లీ కాలేజీ గెలవాలనీ, నా పక్కన నా స్నేహితుడు గార్లండ్ ఆష్‌బీ కాలేజీ గెలవాలనీ కళ్ళు మూసుకుంటే ఆయన ఎవరి మాట వినాలి? పాస్టరుగారిని అడిగితే, ప్రభువుకు ఫుట్‌బాల్ ఇష్టమో కాదో తనకు తెలియదన్నారు.

ఆ రెండు కాలేజీల మధ్య కాన్సస్ రాష్ట్రపు గోధుమ చేలు తప్ప ఏమీ లేవు. వాటి జట్లు ఏటా నవంబరులో ఒక శనివారం తలపడేవి. మా ఇద్దరిలో ఓడిన జట్టు వైపువాడు మర్నాడు ఆరాధన అయ్యాక, చర్చి భోజనాల దగ్గర అందరి ముందూ నిలబడి గెలిచినవాళ్ళ కాలేజీ పాట మొత్తం పాడాలి. మా పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ మా ఇద్దరికీ ఇదే పందెం. నేనే ఎక్కువసార్లు పాడాను.

ఆఖరి ఆటలో మేము మూడు పాయింట్ల తేడాతో ఓడాం. ఆ ఆదివారం నాకు గొంతు పట్టేసింది. పట్టేసిన మాట నిజమే, కాని పాడలేనంత కాదు. వచ్చే ఏడు పాడతానన్నాను. గార్లండ్ సరేనన్నాడు.

వచ్చే ఏడు ఆటే లేదు. టీవీ వాళ్ళిచ్చే డబ్బు కోసం టర్లీ, రెండు కాలేజీలూ ఆడే పాత ఆటల కూటమిని వదిలి, సముద్ర తీరాల పెద్ద కాలేజీల కూటమిలో చేరింది. ఆష్‌బీని ఎవరూ పిలవలేదు. ఇప్పుడు మా టర్లీ కుర్రాళ్ళు ఒక్క ఆట కోసం రెండు వేల మైళ్ళు విమానంలో వెళతారు. నేను టీవీలో చూస్తాను. గెలిచినా దెప్పడానికి మనిషి లేడు. ఆ శనివారం వచ్చిందంటే మాత్రం పొద్దున్నే లేచి, ఎక్కడికో ఆలస్యమవుతున్నట్టు వాకిట్లో తిరుగుతాను.

"మీవాళ్ళు పెద్దింటి సంబంధమే చూసుకున్నార్రా, వెర్లిన్," అన్నాడు గార్లండ్ ఒకసారి. ఆ తరువాత, మోకాలు చాపుకోవాలంటూ వెనక బెంచీకి మారాడు. పన్నెండేళ్ళయింది. అతను కూర్చునే చోట మా ఆవిడ లోరెటా కోటు పెడుతుంది.

కిందటి గురువారం ఆష్‌బీ తన ఫుట్‌బాల్ జట్టును ఈ ఏటితో ఎత్తేస్తున్నట్టు చెప్పింది. ఖర్చు భరించలేకపోయారట. ఆదివారం గార్లండ్ భోజనాలకు వచ్చాడు గాని, పళ్ళెం ముట్టలేదు. చావు జరిగిన ఇంటి మనిషిని చూసినట్టు అందరూ దూరం నుంచే చూశారు. నేను మాత్రం ఏం చెప్పను? విడిచి వెళ్ళింది మావాళ్ళు. క్షమించమనడానికి నేను కాలేజీని కాను.

లేచి నిలబడ్డాను. లోరెటా చొక్కా పట్టి లాగి, పిచ్చి పట్టిందా అని గొణిగింది. బాకీపడ్డ ఆష్‌బీ పాట ఎత్తుకున్నాను. అందులో టర్లీని తిట్టే చరణం ఒకటుంది. దాన్నీ వదలలేదు.

"రెండో చరణం తప్పు పాడావురా," అన్నాడు గార్లండ్, పాట అయ్యాక. "మొదటినుంచీ పాడు."

పాడాను. రెండో చరణం దగ్గరకు వచ్చేసరికి అతను పళ్ళెం తీసుకుని, కుర్చీ లాక్కుని నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఒక్క మాటా తప్పలేదు.

"ఊఁ. చెల్లిపోయింది," అని పళ్ళెం దగ్గరకు లాక్కున్నాడు.