కస్టర్డ్ పాప

ఆరేళ్ల వయసులో నేను టీవీలో రెండే రెండు మాటలు పలికాను. “అమ్మా, ఇంకొంచెం!” అది ఒక కస్టర్డ్ పొడి ప్రకటన. ఆ రెండు మాటలు కుదరడానికి నా చేత ముప్పయ్యొక్క గిన్నెల కస్టర్డ్ తినిపించారు. బల్ల కింద బకెట్ కూడా పెట్టారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆఖరి గిన్నెకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దర్శకుడు దాన్ని ఆశ అనుకుని గంతులేశాడు. ఇంగ్లండంతా కూడా అలాగే అనుకుంది.

నా నటజీవితం శిఖరానికి చేరింది ఆ రోజే. తర్వాత యాభై నాలుగేళ్లూ దిగడంతోనే సరిపోయింది. పంతొమ్మిదో ఏట ఒక డిటెక్టివ్ సీరియల్లో శవం వేషం వేశాను. ఊపిరి పీల్చానని మళ్లీ పిలవలేదు. ముప్పై దాటాక ఒక విషాద నాటకంలో రాణిని. కొడుకు శవం మీద పడి నేను గుండెలు బాదుకుంటుంటే, వెనక వరసల్లోంచి ఎవడో “అమ్మా, ఇంకొంచెం!” అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. శవం కూడా నవ్వింది. చచ్చినా ఆ మాట మళ్లీ నా నోట రాకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

కిందటి చలికాలం స్కార్‌బరోలో, క్రిస్మస్‌కి పిల్లల కోసం వేసే ప్యాంటో అనే హాస్య నాటకంలో దేవకన్య వేషం వచ్చింది. అరవై ఏళ్ల దేవకన్యని. రెక్కలతో పాటు మోకాళ్ల పట్టీలు కూడా ఇచ్చారు. మేనేజరు క్యాలమ్‌కి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి.

“నాదొక్కటే షరతు. పోస్టరు మీద కస్టర్డ్ అన్న మాట కనపడకూడదు” అన్నాను, గొంతు గంభీరంగా పెట్టి.

“అలాగే, ప్రుడెన్స్ గారూ” అన్నాడతను, మారు మాట లేకుండా. నా గాంభీర్యానికి జడుసుకున్నాడనుకుని మురిసిపోయాను.

అన్నిటికంటే గొప్ప సంగతి, నాటకంలో ఆఖరి రెండు పద్య పాదాలు నావి. జనం నా మాట విని ఇళ్లకు వెళతారు, కస్టర్డ్ విని కాదు. ఒక్క రాత్రైనా నటినని అనిపించుకోవాలి. ఈ వయసులో నాకింకేం అక్కర్లేదు.

అయితే ప్యాంటోలో ఆ ఆఖరి పాదాలను రిహార్సల్లో పైకి అనకూడదు. అంటే అరిష్టం. మొదటి ఆట రోజునే జనం ముందు అనాలి. అంతవరకూ ఆ చోటికి రాగానే “లలలా” అనేసి ఊరుకుంటాం. రాజుగారి వంటామె వేషం వేసే ముసలి సెడ్రిక్‌కి నా వాలకం చూసి అనుమానమొచ్చింది. నలభై ఏళ్లుగా ఆడవేషాలు కట్టి గౌన్లు తొడుక్కుంటున్న మనిషి, నన్ను కూడా అన్నేళ్లుగా ఎరుగును.

“ఏమే పిల్లా, ఆ పాదాలు ఇంట్లోనైనా ఓసారి అని చూసుకున్నావా?”

“అమ్మో, ఇంట్లో మాత్రం అరిష్టం కాదూ?”

“ఓసి నీ చాదస్తం తగలెయ్య! స్టేజీ మీద అనకూడదన్నారు గానీ స్నానాల గదిలో కాదే!”

“నేను పుట్టుకతో నటిని, సెడ్రిక్.”

“ఆ, తెలుసులే. బకెట్ తెచ్చుకున్నావా?”

మొదటి ఆట రానే వచ్చింది. హాలు నిండిపోయింది. దుష్ట మంత్రగాడు ఓడిపోయాడు, పెళ్లి అయింది, దీపాలన్నీ నా మీదకు తిరిగాయి. మంత్రదండం ఎత్తి నోరు తెరిచాను. ఒక్క ముక్క గుర్తు లేదు. లలలా తప్ప ఏమీ లేదు. సెడ్రిక్ పక్కనుంచి “అను, అనవే!” అంటున్నాడు. నా నోరు, ఎవరినీ అడక్కుండా, ఆరేళ్ల గొంతుతో అనేసింది.

“అమ్మా, ఇంకొంచెం!”

అయిపోయింది నా బతుకు అనుకుని కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు హాలు ఘొల్లుమంటుంది.

ఎవరూ నవ్వలేదు. కళ్లు తెరిచి చూస్తే ఎనిమిది వందల మంది నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. అమ్మమ్మలూ తాతలూ కూడా. ఒక ముసలాయన చెవిలో వినికిడి యంత్రం సర్దుకున్నాడు. ఆ మాట ఎవరికీ తెలియదు! ఆ రోజు క్యాలమ్ జడుసుకోలేదు, కస్టర్డ్ సంగతేమిటో అతనికి అర్థమే కాలేదు. నాకు జన్మలో అంత కోపం రాలేదు. ఎంత విశ్వాసం లేని జనం! నా చిన్నతనమంతా తినేసి మూతి తుడుచుకున్నారు. ఎవరి భయంతో నేను ముప్పై ఏళ్లు నోరు కట్టుకున్నట్టు?

మూడో వరసలోంచి ఒక పిల్ల కుర్చీ ఎక్కి అరిచింది. “ఇంకొంచెం ఏంటి?”

ప్యాంటోలో పిల్లలు అడిగితే జవాబు చెప్పి తీరాలి.

“కస్టర్డ్, బంగారం.”

“ఛీ! నాకిష్టం లేదు!”

“నాకూ ఇష్టం లేదే తల్లీ!” అన్నాను. యాభై నాలుగేళ్లలో ఇష్టం లేదని పైకి అనడం అదే మొదటిసారి. అది నటన కాదు. “ముప్పయ్యొక్క గిన్నెలు తినిపించారే నా చేత!”

హాలు పేలిపోయింది. నవ్వులు, ఈలలు, కాళ్లతో నేల దంచడం. సెడ్రిక్ గౌను అంచుతో కళ్లొత్తుకున్నాడు. “దొంగముండా, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఇది!” అన్నాడు.

తెర పడగానే క్యాలమ్ పరుగెత్తుకొచ్చాడు. “అద్భుతం, ప్రుడెన్స్ గారూ! రోజూ అదే చెప్పండి.”

“రోజూనా?”

“నలభై ఆటలకీ. ఒక్క అక్షరం మారకూడదు.”

రెక్కలు విప్పుతుంటే నా ఆఖరి పాదాలు చక్కగా గుర్తొచ్చాయి. ఎవరికి కావాలి?

మర్నాడు బజారులో రొట్టె కొనుక్కుని వస్తుంటే, వెనక ఒక పిల్లాడు గట్టిగా అన్నాడు. “అమ్మా, కస్టర్డ్ ఇష్టం లేని ఆవిడే!”

ఛీ, మళ్లీ కస్టర్డేనా అనుకుని, మొహం గంటు పెట్టుకుని రెండడుగులు గబగబా వేశాను. తర్వాత ఆగాను. వాడు ఇంకోసారి అంటాడేమోనని, ఊడకపోయినా బూటు తాడు కట్టుకుంటూ, నొప్పి పెట్టే ఆ మోకాళ్లతోనే అక్కడ కూర్చున్నాను.