కాపురానికి సాక్ష్యం

విడాకుల వాయిదాకి ఏ చొక్కా వేసుకోవాలో తేలక మా ఆయన పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. "ఆ నీలం గీతల చొక్కా ఎక్కడ పెట్టావ్?" అన్నాడు, హలో కూడా లేకుండా. "బీరువాలో రెండో అర, దుప్పట్ల కింద" అని చెప్పేశాక గానీ నాకు తెలివి రాలేదు. ఆ ఇల్లు వదిలొచ్చి నెలలు గడిచాయి. అయినా అక్కడ ఏ వస్తువు ఎక్కడుందో నా నాలుక చివరే ఉంది. నా మీద నాకే ఒళ్లు మండి, తోమిన గిన్నెనే మళ్లీ తోమాను. తీరా చూస్తే ఆ రోజు చొక్కా కోర్టుకి రానేలేదు. మనిషికి జ్వరమట.

ఇంకా "మా ఆయన" అంటున్నానని నవ్వకండి. కోర్టు కాదనేదాకా ఆయన మా ఆయనే. ఎన్నాళ్లు పడుతుందని మొదటిరోజే లాయరమ్మని అడిగాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇద్దరూ సరేనంటే తొందరగానే తేలిపోతుందమ్మా. ఒకరు కాదంటే, ఆ ఒకరికి ఓపికున్నంత కాలం సాగుతుంది" అంది. "మీరు మాత్రం ఏడాది పాటు విడిగా ఉన్నట్టు చూపించాలి. మధ్యలో తెగకూడదు. తెగిందా, మళ్లీ మొదటికే" అని కూడా చెప్పింది. మా ఆయన కాదన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి కట్టేసే ఓపిక లేని మనిషికి కోర్టు విషయంలో అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆయనకి నేనూ అక్కర్లేదు, విడాకులూ అక్కర్లేదు. "ఏదో అలిగింది, అదే వస్తుంది" అని అడిగినవాళ్లందరికీ చెప్పుకోవడానికి కేసు అలా నడుస్తూ ఉంటే చాలు.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాను. ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. రోజంతా ఇవే మాటలు. "మీట నొక్కడమేగా, అదీ ఒక ఉద్యోగమా" అనేవాడు మా ఆయన. ఇంట్లో ఎవరైనా తుమ్మితే మాత్రం నేనే పెద్ద డాక్టర్ని. రాత్రంతా మేలుకుని పొద్దున డ్యూటీకి వెళ్లబోతుంటే, "అందరూ చేసేదే నువ్వూ చేస్తున్నావు, ఇంట్లో నువ్వు ప్రత్యేకంగా చేసేదేముంది" అనేవాడు. ఆ మాటకి జవాబు వెతుక్కుంటూనే చాలా ఏళ్లు గడిపేశాను. చేసేది ఏమీ లేకపోతే సాయంత్రానికి నా నడుం ఎందుకు పడిపోతోందో అడగాలనిపించేది. అడగలేదు. గిన్నెలు సర్దేదాన్ని.

ఏడాది దగ్గర పడుతుండగా మా అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఆయన ఫోన్ చేసి, "అమ్మ నిన్నే అడుగుతోంది. మన గొడవలు ఆవిడకెందుకు" అన్నాడు. చూసి వద్దామని వెళ్లాను. మా అత్తగారేమీ దేవత కాదు. నేను జ్వరంతో పడుకుంటే, "ఉద్యోగానికైతే లేచేదానివి" అన్న మనిషి. కానీ మంచం మీదే అన్నీ జరగాల్సొచ్చినప్పుడు ఆవిడ సిగ్గుతో గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, నా మణికట్టు గట్టిగా పట్టుకునేది. ఆ పట్టు వదిలించుకుని రాలేకపోయాను. ఆవిడ కర్ర పట్టుకుని నడిచేదాకా ఆవిడ గదిలోనే చాప వేసుకుని పడుకున్నాను.

తర్వాతి వాయిదాకి ఆయన జ్వరం గిరం లేకుండా వచ్చాడు. ఆయన లాయరు లేచి గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ ఆ ఇంట్లోనే ఉన్నారండీ. మూడు పూటలా వంట చేశారు. అత్తగారికి ఒళ్లు తుడిచారు, మందులిచ్చారు, పక్కబట్టలు ఉతికారు. మా క్లయింటు చొక్కాలు ఇస్త్రీ చేశారు. ఇది కాపురం కాకపోతే మరేమిటి?" అన్నాడు. నేను బెంచీ మీద కూర్చుని నోరు తెరుచుకుని విన్నాను. ఏళ్ల తరబడి ఎవరి కంటికీ ఆనని నా చాకిరీని, ఒక్కటి కూడా వదలకుండా, నిండు కోర్టులో ఎవరో వల్లె వేస్తున్నారు. ఒక్క క్షణం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, కడుపు నిండినట్టయింది. మరుక్షణం ఒళ్లంతా భగ్గుమంది. నాది పని అని ఒప్పుకోవడానికి వీళ్లకి ఇన్నేళ్లు పట్టింది, అదీ నన్ను కట్టిపడెయ్యడానికి పనికొస్తుంది కాబట్టి. చాప సంగతి లాయరమ్మ చెప్పింది. జడ్జిగారు విన్నారు. అయినా ఏడాది మళ్లీ మొదటికొచ్చింది.

బయట లాయరమ్మ నన్ను తిట్టలేదు. టీ ఇప్పించి, "జాలిపడ్డారు, తప్పేం లేదు. ఈసారి జాలిపడాలనిపిస్తే ఫోన్‌లో పడండి" అంది. నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చింది.

రెండో ఏడాది చివర్లో, వాయిదా ఇంకా కొన్నాళ్లుందనగా, ఆయన మా అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సరిగ్గా నా డ్యూటీ వేళకి తీసుకొచ్చాడు. బాత్రూంలో కాలు జారిందట. ఆవిడని బల్ల మీద పడుకోబెట్టి, కాలు సరిచేసి, ఊపిరి బిగబట్టమన్నాను. బిగబట్టమంటే ఆవిడ మాట్లాడింది. "వస్తావా అమ్మాయ్?" అంది, పైకప్పు చూస్తూ. "రానండీ" అన్నాను. మళ్లీ ఊపిరి బిగబట్టమన్నాను, ఈసారి బిగబట్టింది. మీట నొక్కాను. ఎముక విరగలేదు, బెణికిందంతే. ఆ సంగతి డాక్టరు చెప్పాక ఆయన నన్ను వరండాలో పట్టుకున్నాడు.

"బెడ్‌రెస్ట్ అన్నారు. కొన్నాళ్లొచ్చి ఉండు. కోర్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు."

"మీరున్నారుగా."

"నేనా? అమ్మకి స్నానం ఎవరు చేయిస్తారు?"

"ఆవిడ మీకు చేయించలేదా?"

వరండాలో కూర్చున్న వాళ్లంతా మా వైపు తిరిగారు. ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది. "ఇంత కఠినురాలివని తెలీదు" అన్నాడాయన. నేను లోపలికెళ్లి తర్వాతి పేషెంటు పేరు పిలిచాను. ఆ వారమంతా అన్నం సయించలేదు. అయినా వెళ్లలేదు.

వాయిదా రోజు జడ్జిగారు రెండు వైపులా విన్నారు. ఆయన లాయరు ఎప్పటిలాగే కుటుంబం, సర్దుబాటు, ఇంకొంచెం గడువు అంటూ సాగదీశాడు. అప్పుడు మా ఆయన ముందుకు వంగి లాయరు చెవిలో ఏదో ఊదాడు. వరండాలో పోయిన పరువు ఆయనకింకా మంటగానే ఉంది. నలుగురిలో నన్ను కడిగెయ్యకపోతే ఆయనకి నిద్ర పట్టదు. లాయరు నావైపు తిరిగి చెయ్యి చాచాడు.

"మంచాన పడ్డ ముసలావిడ నోరు తెరిచి అడిగితే, ఈ ఏడాదిలో ఒక్కపూటైనా ఆ గడప తొక్కారా? ఒక్క ముద్ద వండి పెట్టారా? నిజం చెప్పండి."

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. లాయరమ్మ తల దించుకుని కాగితాల్లోకి చూస్తోంది. నవ్వాపుకుంటున్నట్టు ఆవిడ భుజాలు కొద్దిగా కదిలాయి. ఇంకోసారైతే గడగడా కారణాలు చెప్పేదాన్ని. అత్తగారంటే నాకు కోపం లేదనీ, అన్నం సయించలేదనీ చెప్పి, నేను మంచిదాన్నేనని ఈ మనుషులందరి చేతా అనిపించుకోవాలని చూసేదాన్ని. లేచి నిలబడ్డాను.

"లేదండీ. ఒక్కపూట కూడా వెళ్లలేదు, ఒక్క ముద్ద కూడా వండలేదు. రాసుకోండి."