ఆముదం పురుగుల నెత్తురు

ఆముదం ఆకులు ఒక్కొక్కటీ పాత చీర ముక్కతో తుడుస్తున్నాను. తడి ఆకు తింటే పట్టుపురుగులకు జబ్బు చేస్తుంది. ఆదివారం యూనివర్సిటీ లాబ్ మూసేస్తారు కాబట్టి పురుగుల తట్టలు గాజువాకలోని మా ఇంటికే వస్తాయి.

"ఆడు డ్యూటీ నుంచొచ్చి గంటయ్యింది. మొగుడికి టిఫిను లేదు గానీ పురుగులకి మేత మాత్రం టైముకెల్తాది," అంది మా అత్త జోగమ్మ.

ఉప్మా పొయ్యి మీదే ఉంది. నేను ఇంకో ఆకు తీసుకున్నాను.

మూడేళ్ళుగా అక్కడ ప్రొఫెసర్ రమణమూర్తి సార్ దగ్గర లాబ్ అసిస్టెంట్‌ని. పురుగు కాలికి సూదితో గాటు పెట్టి, కారిన నెత్తురు చుక్కని ఐసు మీద పట్టాలి. గాలి తగిలితే అది దానంతటదే నల్లబడిపోతుంది. అలా కాకుండా పట్టడం అక్కడ నాకొక్కదానికే చేతనవును. ఒకరోజు అందులో చచ్చిన బాక్టీరియా గోడల పొడి వేశాను, నల్లబడింది. ఉత్త ఉప్పునీళ్ళు వేస్తే నల్లబడలేదు. అంటే క్రిమి బతికి ఉండక్కర్లేదు. దాని పైగోడను తడిమి శత్రువని గుర్తుపట్టి, నల్లబడటం మొదలుపెట్టించే ప్రోటీన్ ఏదో పుట్టుకతోనే ఆ నెత్తురులో ఉంది. మల్బరీ ఆకు తినే పట్టుపురుగులో ఉందని చదివాను, మా పురుగులోనూ ఉందన్నమాట! పదకొండుసార్లు చేసి చూసుకుని సార్‌కి చెప్పాను.

పోయిన నెల అదే సంగతి మీద ఆయన పరిశోధన పత్రికకు పంపిన వ్యాసంలో ఆయన పేరు, ఆయన శిష్యుడు దేవీప్రసాద్ పేరు ఉన్నాయి. చివర్లో, పురుగుల్ని శుభ్రంగా పెంచినందుకు కామేశ్వరికి, అంటే నాకు, కృతజ్ఞతలు.

"పెంచినావనే కదా రాసారు. అబద్ధమేటి కాదు కదా," అన్నాడు మా ఆయన సన్యాసిరాజు, ఉప్మా ప్లేటు అందుకుంటూ.

అబద్ధం కాదు. ఇంట్లో నేను చేసేదీ ఎవరూ కాదనరు. అది పనని అనరు, అంతే.

సోమవారం సార్ పిలిచారు. పత్రికవాళ్ళు ఉత్తరం రాశారట, ఆ ప్రోటీన్ తీసేస్తే పొడి వేసినా నెత్తురు నల్లబడకూడదు, తిరిగి కలిపితే నల్లబడాలి, అది చేసి చూపించమని. దేవీప్రసాద్ రెండుసార్లు ప్రయత్నించాడట, అతను పట్టిన నెత్తురు పొడి వెయ్యకముందే నల్లబడిపోయింది.

"వారంలో చేసి ఇచ్చెయ్యమ్మా."

"చేస్తానండి. ముందు వ్యాసం మీద నా పేరు రాయండి. మొదటి పేరు నాదే ఉండాలి."

సార్ కళ్ళజోడు తీశారు. "ఇదేటమ్మా కొత్తగా? మీ ఆయన అడగమన్నాడా?"

"ఆయనకి ఈ పురుగుల గురించి ఏటీ తెలీదండి. నాకు తెలుసు."

మూడేళ్ళుగా ఆ బల్ల ముందు నిలబడే మాట్లాడాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సార్ బల్ల మీది వ్యాసం వంక చూశారు, నా వంక చూశారు. ఆయన కలం మూత తీసి అందరికన్నా పైన నా పేరు రాసేదాకా నేను లేవలేదు.