నిచ్చెన బయటికి రాని ఇల్లు

పొడవాటి తుడుపుకర్రను బాస్కెట్‌బాల్ కోర్టు ఆ చివరి నుంచి ఈ చివరికి తోసుకొచ్చి, ఆర్విల్ నేపియర్ రింగు కింద ఆగాడు. మెడ వెనక్కి వంచి వలను చూశాడు. కొత్త వల, నిన్ననే తగిలించాడు. ఒక కొక్కెం సరిగ్గా పట్టలేదేమోనన్న అనుమానంతో రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. చూస్తే పట్టే ఉంది. అయినా గుండెల్లో దడ తగ్గలేదు.

ఆర్విల్ పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, బయటికి వంగిన మోకాళ్లు, కణుపులు ఉబ్బిపోయి పెళ్లి ఉంగరం ఇక ఊడి రాని వేలు. బతుకులో ఒక్కసారి కూడా ఏ జట్టులోనూ ఆడలేదు. నాన్న, అన్నలు బొగ్గు గనిలోకి దిగితే ఇతనొక్కడూ పైన ఉండిపోయి, హార్లో కాలేజీ బాస్కెట్‌బాల్ స్టేడియంలో పనికి కుదిరాడు. నేల తుడవడం, బల్బులు మార్చడం, వలలు కట్టడం. శనివారం ఆట ఉందని పెళ్లి సోమవారం చేసుకున్నాడు. ఆ సంగతి భార్య జెనీవా ఈనాటికీ మర్చిపోనివ్వదు.

కప్పు కింద నాలుగు జెండాలు వేలాడుతున్నాయి. దేశం మొత్తం మీద గెలిచిన నాలుగేళ్లకి నాలుగు. అంతే. పక్క ఊళ్ల కాలేజీల్లో తమ ప్రాంతపు లీగ్ గెలిస్తే జెండా, లీగ్‌లో రెండో స్థానం వచ్చినా జెండా. వాళ్ల కప్పులు బట్టలారేసిన దండేల్లా ఉంటాయి. మా హార్లోలో అలా కుదరదు. గెలిచిన జట్టు నిచ్చెనెక్కి, వలను తలా ఒక పోగు కత్తిరించి దాచుకోవడం అన్ని కాలేజీల్లోనూ ఉన్న ముచ్చటే. మావాళ్లు మాత్రం దేశపు ఆఖరి ఆట గెలిస్తేనే కత్తెర పట్టేవారు. అది ఎప్పుడూ ఎక్కడో దూరపు ఊళ్లో జరిగేది. సొంత కోర్టు మీద ఆటగాళ్ల కోసం నిచ్చెన ఎన్నడూ బయటికి రాలేదు.

ఆ ఆచారం పాత కోచ్ టాకెట్‌ది. "లీగ్ గెలవడమంటే మనకి పొద్దున్నే పళ్లు తోముకోవడం లాంటిది ఆర్విల్. దానికి పండగేంటి?" అనేవాడు. పోయిన అక్టోబరులో ఆయన పోయాడు. పోయేముందు ఆస్పత్రిలో ఆర్విల్ చెయ్యి పట్టుకుని, "నిచ్చెన జాగ్రత్త" అన్నాడు. ఆర్విల్ సరేనన్నాడు.

ఇదంతా మేం గొప్పగా చెప్పుకుంటాం గానీ, మా జట్టు దేశపు టోర్నమెంటు మొహం చూసి చాలా ఏళ్లయింది. ఆఖరిసారి వెళ్లినప్పుడు ఇప్పటి ఆటగాళ్లు బళ్లో కూడా చేరలేదు. ఇవాళ మధ్యాహ్నం గెలిస్తే లీగ్ మాది, టోర్నమెంటుకు పిలుపు ఖాయం. ఓడితే ఈ ఏడూ ఇంట్లో కూర్చుని పరాయి ఊళ్ల ఆటలు చూడటమే.

తలుపు తోసుకుని గ్రెగ్ హాలరన్ వచ్చాడు. కాలేజీలో ఆటలన్నిటికీ ఆయనే పెద్ద. కిందటేడు కాలిఫోర్నియా నుంచి దిగాడు. మంచివాడే, కాకపోతే నడిచేటప్పుడు కూడా పరిగెత్తుతున్నట్టే ఉంటాడు.

"ఆర్విల్ గారూ, గెలిస్తే ఇవాళ వల కోస్తున్నాం. టీవీ వాళ్లకి చెప్పేశాను. ఆట అయ్యేలోపు నిచ్చెన ఆటగాళ్లు కోర్టులోకొచ్చే దారి మొదట్లో సిద్ధంగా ఉండాలి."

"ఇక్కడ ఆ అలవాటు లేదండీ."

"తెలుసు. గెలిచే అలవాటు కూడా పోయిందిగా?" అని నవ్వి, ఆర్విల్ మొహం చూసి ఆ నవ్వు ఆపేశాడు. "ఏదో మాటవరసకన్నాను. నిచ్చెన మాత్రం మర్చిపోకండి."

తొమ్మిదింటికి వాన మొదలైంది. ఆర్విల్ టోపీ దించుకుని ఎదురుగా ఉన్న టిఫిన్ కొట్టుకి నడిచాడు. కబురు అప్పటికే అక్కడికి చేరింది. గనిలో రిటైరైన వెండెల్ రోజూ కూర్చునే మూల బల్ల దగ్గర మెత్తటి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ పోసుకుంటూ, ఇతన్ని చూడగానే గొంతు పెంచాడు.

"ఏరా ఆర్విల్, నిచ్చెనకి నూనె పెట్టావా?"

"నోర్మూసుకుని తిను."

"కాదురా, లీగ్ గెలిచినందుకు వల కోస్తే ఇక మనకీ పక్క ఊరివాళ్లకీ తేడా ఏంటి? పెద్దింటి జట్టంటే ఏంటి చెప్పు? నాలుగు జెండాలా? టీవీలో కనిపించే కుర్రాళ్లా? కాదు. చిన్న గెలుపుకి ఎగరకుండా ఉండటం. అదొక్కటే మిగిలింది మన దగ్గర. అదీ పోతే ఇక చెప్పుకోడానికేం లేదు."

"ముందు గెలవనీరా."

"గెలిస్తే ఏం చేస్తావో చెప్పు."

ఆర్విల్ గుడ్డు ఒక ముక్క తిని పళ్లెం పక్కకి నెట్టాడు. వెండెల్ అన్నది తను ఇన్నేళ్లుగా నమ్మిందే. అదే మాట వాడి నోట వింటుంటే ఎందుకో ఒళ్లు మండింది.

తిరిగి వచ్చేసరికి ఫోన్ మోగింది. జెనీవా.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"అబద్ధం."

ఆర్విల్ జేబులోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టుకున్నాడు. "ఇప్పుడు వేసుకున్నా."

"డాక్టరు ఏమన్నాడో గుర్తుందిగా. ఆట చూడకూడదు. సామాన్ల గదిలో కూర్చో. నాకు మాటిచ్చావు."

"కూర్చుంటాలే. నువ్వు రేడియో పెట్టుకుంటావా?"

"పెట్టుకోక? నా గుండె బాగానే ఉంది."

అన్న మాట ప్రకారం ఆట మొదలవగానే సామాన్ల గదిలో తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకి నిచ్చెన ఆనించి ఉంది. హాలరన్ మాట కాదనలేక ఆటకి ముందు దాన్ని దారి మొదటిదాకా మోసుకెళ్లాడు. అక్కడ పెట్టగానే ఒళ్లు జలదరించింది. గెలవకముందే నిచ్చెన జనం కంటబడితే ఇంకేమైనా ఉందా? మళ్లీ వెనక్కి మోసుకొచ్చి పాత దుప్పటి కప్పాడు. ఆ రెండు మోతలకే ఎడమ భుజం లాగడం మొదలైంది.

ఆట కనిపించకపోయినా గోడ అంతా చెబుతుంది. మనవాళ్లు బంతి వేస్తే నేల కింద నుంచి అదురు వస్తుంది. అవతలివాళ్లు వేస్తే ఒక్క మూలుగు. రిఫరీ మీద కోపం వేరే చప్పుడు. సగం ఆటయ్యేసరికి మూలుగులే ఎక్కువ వినిపించాయి. ఆర్విల్ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. లేచి తలుపు దాకా వెళ్లాడు. జెనీవా గుర్తొచ్చి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇవాళ ఓడిపోతే హాయి, నిచ్చెన గొడవే ఉండదన్న ఆలోచన ఎక్కణ్నుంచో వచ్చింది. దానికి తనే భయపడిపోయాడు. ఇన్నేళ్లలో హార్లో ఓడాలని ఒక్క క్షణం కూడా అనుకున్నవాడు కాదు.

చివర్లో గోడ ఉన్నట్టుండి మౌనమైపోయింది. స్టేడియం మొత్తం అలా ఊపిరి బిగబట్టిందంటే మనవాడు ఎవరూ అడ్డురాకుండా వేసే ఫ్రీ త్రో వేయడానికి నిలబడ్డట్టు. ఆర్విల్ కూడా ఊపిరి బిగబట్టాడు. ఒక అదురు. మళ్లీ మౌనం. ఇంకో అదురు. ఆ తర్వాత ఆట ముగిసిన హారను, దాన్ని మింగేస్తూ కేకలు. పైనున్న దుమ్ము రాలి దుప్పటి మీద పడింది.

గెలిచారు. ఆర్విల్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఏడుపయ్యాక నిచ్చెన వంక చూశాడు, కానీ లేవలేదు. హాలరన్ ఎవరినో పంపుతాడు, తలుపు గడియ వేసుకుంటే సరి అనుకున్నాడు.

తలుపు తోసింది డెషాన్ మీక్స్. జట్టు నాయకుడు. ఈ ఊరివాడే, ఆఖరి ఏడు ఆడుతున్నాడు. చెమటతో ముద్దయిపోయి, తల గుమ్మానికి తగలకుండా వంచి నిలబడ్డాడు.

"ఆర్విల్ గారూ, నిచ్చెనేదండీ? అందరూ చూస్తున్నారు."

"మన ఇంట్లో ఇలాంటిదానికి తియ్యం, డెషాన్. టాకెట్ గారు ఒప్పుకోరు."

డెషాన్ చేతి వెనక భాగంతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ నాలుగు జెండాల కింద నాలుగేళ్లు ఆడానండీ. అందులో ఒక్కటి కూడా గెలవడం నేను చూడలేదు. మా నాన్న చెబుతుంటే వినడమే. మీకు ఇది చిన్నదేమో. నాకున్నది ఇదొక్కటే గదండీ."

ఆర్విల్ అతని మోకాలికి చుట్టిన కట్టు చూశాడు. పోయినేడు ఆ మోకాలు విరిగినప్పుడు నేల మీది నెత్తురు తుడిచింది తనే. టాకెట్‌కి ఇచ్చిన మాట గుర్తుంది. జాగ్రత్త అంటే ఏమిటో మాత్రం ఇప్పుడు అంత ఖాయంగా తెలియలేదు.

లేచి దుప్పటి లాగేశాడు. "ఆ చివర పట్టుకో. గోడలకి తగలనీయకు."

నిచ్చెన బయటికి రాగానే కేకలు ఒక్క క్షణం తగ్గాయి. పెద్దవాళ్లు కొందరు కూర్చుండిపోయారు. మూడో వరసలో వెండెల్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత అందరికంటే ముందు లేచి, టోపీ తీసి ఊపినవాడూ వాడే. ఆర్విల్ నిచ్చెన కాళ్లు సర్ది, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరే ఎక్కారు, ఒక్కొక్క పోగు కోసుకుని దిగారు. ఆటలోకి ఒక్కసారైనా దిగని పిల్లాడు కూడా ఎక్కి, దిగేటప్పుడు ఆర్విల్ నెత్తి మీద ముద్దు పెట్టాడు. ఇప్పటి కోచ్ వల తీసి మెడలో వేసుకున్నాడు. ఒక్క పోగు మాత్రం రింగుకి వదిలేశాడు.

"అది మీకట," అన్నాడు డెషాన్. "ఎక్కండి, నేను పట్టుకుంటా."

ఎంతకాలం నుంచో నిచ్చెనెక్కుతున్న మనిషికి ఇప్పుడు మెట్ల వంక చూస్తేనే ఆయాసం వచ్చింది. "మీరు వెళ్లండి. ఎవరూ లేనప్పుడు కోసుకుంటాలే. ఇంతమందిలో నాకు సిగ్గు."

స్టేడియం ఖాళీ అయ్యాక ఆర్విల్ ఆటగాళ్ల బెంచీ మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో దాన్ని తుడిచాడే గానీ కూర్చోలేదు. జెనీవాకి ఫోన్ చేశాడు.

"చూశావా?" అంది.

"ఆట చూళ్లేదు, ఒట్టు. నిచ్చెన పట్టుకున్నా. టాకెట్ వింటే తిడతాడే."

"తిట్టనీ. ఆయన ఏనాడైనా నిచ్చెన పట్టుకున్నాడా?"

ఆర్విల్ నవ్వాడు. పొద్దుటి నుంచీ గుండెల్లో ఉన్న దడ లేదు.

"చిక్కుడు గింజలు పొయ్యి మీదున్నాయి. వచ్చెయ్," అంది జెనీవా.

"ఆ ఒక్క పోగూ కోసుకుని వస్తా. కొంచెం ఊపిరి తీసుకోనీ."

సాయంత్రం కుర్చీల కింద ఊడ్చడానికొచ్చిన అమ్మాయి, బెంచీ మీద టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆర్విల్‌ని చూసి నిద్రపోతున్నాడనుకుంది. చప్పుడు కాకుండా పై వరసలన్నీ ఊడ్చి, ఆఖరున లేపడానికి వచ్చింది. అతను లేవలేదు.

ఆ వారమంతా హాలరన్ నిచ్చెనని తీయనివ్వలేదు. రింగు కింద అది అలాగే నిలబడి ఉంది. పై మెట్టు మీద కత్తెర, దానికి కొద్దిగా పైన తెల్లటి పోగు ఒక్కటి.