తిరగలి పంపకం

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, గురజాల పక్క పల్లెలో ఇన్నయ్య, అంతోని అనే అన్నదమ్ములు వేరుపడ్డారు. చేలూ గొడ్లూ పంచుకున్నారు. నీళ్ళ బానలు కూడా పంచుకున్నారు. మిగిలింది తిరగలి ఒక్కటే. ఎవరో ఒకరు వదులుకుంటే పోయేది. కానీ ఇద్దరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"పైరాయి వాడికి, కిందరాయి నాకు," అన్నాడు ఇన్నయ్య.

"అట్నే కానీ," అన్నాడు అంతోని.

పెద్దమనుషులు నవ్వాపుకుని తలూపారు. రాయికి నోరుంటే అందరినీ కలిపి తిట్టేది.

ఇన్నయ్య భార్య జ్ఞానమ్మకు నవ్వు రాలేదు. తొమ్మిదేళ్ళుగా అటు తనూ ఇటు తోటికోడలు ఎలిజబెత్తూ కూర్చుని, ఒకే పిడి పట్టుకుని జొన్నలు విసిరారు. మొగుళ్ళ మీద చాడీలన్నీ ఆ చప్పుడులోనే చెప్పుకునేవారు. అత్తకు వినపడకుండా ఏడవడానికీ అదే చోటు. ఎలిజబెత్ పైరాయి నెత్తిన పెట్టుకుని వీధి అవతల ఇంటికి పోతుంటే జ్ఞానమ్మ ప్రాణం ఉసూరుమంది.

రాయి తీసుకురా, కలిసి విసురుకుందాం అని ఒక్క మాటంటే చాలు. అనలేదు. చిన్నది, అదే ముందు రావాలి కదా అనుకుంది. ఇద్దరూ చెరో ఇంటికి పోయి పిండి విసురుకుంటూ, దారిలో ఎదురైతే చూపు తిప్పుకుంటూ ఏడాది గడిపారు. తిప్పుకున్న ప్రతిసారీ జ్ఞానమ్మ గుండె కలుక్కుమనేది.

వానాకాలంలో కలరా వచ్చింది. ఒక్క పూటలో ఎలిజబెత్ పోయింది. కబురు విని జ్ఞానమ్మ మిరపచేలోంచి పరుగెత్తుకొచ్చేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది.

నాలుగు రోజులకు అంతోని పైరాయి తెచ్చి ఆమె వాకిట్లో దించాడు.

"ఇంక మాకెందుకులే వదినా."

జ్ఞానమ్మ రాయిని తడిమింది. "ఏడాది నుంచి వాడంది గదా, ఇంత శుభ్రంగా ఉందేంది?"

"రోజూ పొద్దున్నే కడిగి గడప పక్కన పెట్టుకునేది. ఎందుకే అంటే, అక్క ఎప్పుడు పిలిచిద్దో, పిలవంగానే ఎత్తుకుపోవాల అనేది."

"తనే రావచ్చుగా అంతోనీ?"

"నేనూ అదే అన్నా. పెద్దది, ఆమె పిలవకుండా పోతే బాగుండదంది."

అతను వెళ్ళాక జ్ఞానమ్మ రాయి మీద రాయి పెట్టి, గుప్పెడు జొన్నలు పోసి పిడి పట్టుకుంది. ఒంటిచేత్తో తిరగలి తిరక్కపోదు. ఆమె చెయ్యే కదల్లేదు. కుమిలి కుమిలి ఏడ్చింది.

గొడ్లు కట్టేసి వచ్చిన ఇన్నయ్య చూశాడు.

"మొత్తానికి తిరగలి మనకే దక్కింది," అన్నాడు.

జ్ఞానమ్మ పిడి వదిలేసింది. బతికినన్నాళ్ళూ ఆమె జొన్నలు పక్కింటికే మోసుకెళ్ళి విసురుకుంది.